దూరపు మోకాలు

హెలికాప్టర్ పైలట్‌నని చెబితే జనం రెండే ప్రశ్నలు అడుగుతారు. మంత్రులను ఎక్కించుకున్నారా? భయం వెయ్యలేదా? ఎక్కించుకున్నాను, వేసింది. ఈ రెండు జవాబుల వల్ల నా వృత్తి గురించి ఎవరికీ తెలిసేదేమీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను, ముఖ్యంగా ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం. ఎన్ని గంటలు ఎగిరాను, ఏ హోదాలో దిగిపోయాను అన్నవి ఇందులో ఉండవు. ఆ కాగితాలు నా బీరువాలో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి.

ఎక్కువగా నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. సర్వీసు చివర్లో, మూడో అంతస్తులో, అంగుళం కూడా కదలని ఒక గదిలో చేసిన తప్పది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక మనిషి ఉద్యోగం మాత్రం పోయి ఉండేదే, నా చేతుల మీదుగా.

కోచింగ్ సెంటర్ల మధ్య

మా కంపెనీ సిమ్యులేటర్ చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఉండేది. కింద టిఫిన్ సెంటర్, మొదటి అంతస్తులో ఇంజినీరింగ్ ఎంట్రన్స్ కోచింగ్, రెండో అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగ్, ఆ పైన మేము. కిరాయి తక్కువని అక్కడ పెట్టారు. అప్పుడప్పుడు తల్లిదండ్రులు దారి తప్పి పైకి వచ్చేవారు. సూర్యాపేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి బోర్డు చదివి, "హెలికాప్టర్ కోర్సు ఎన్ని నెలలు సార్? హాస్టల్ మీదేనా?" అని అడిగాడు. హాస్టల్ లేదన్నాను. "మరి పిల్లలెట్ల చదువుతరు?" అని జాలిగా చూసి దిగిపోయాడు.

సిమ్యులేటర్ అంటే పెద్ద మాయ ఏమీ లేదు. హెలికాప్టర్ ముందు భాగాన్ని కోసి తెచ్చి గదిలో పెట్టినట్టు ఉంటుంది. రెండు సీట్లు, ముందు అర్ధచంద్రాకారంలో తెర. శిష్యుడు కుడి సీట్లో, బోధకుడు ఎడమ సీట్లో. వెనక అద్దాల గదిలో యంత్రాన్ని నడిపే ఇంజినీరు. గాలి, వాన, ఇంజను ఆగిపోవడం, అన్నీ అక్కడి నుంచే పుట్టిస్తారు. గది కదలదు, తెర కదులుతుంది, దానితోపాటు కడుపులో ఇడ్లీ కదులుతుంది. అందులో చావు లేదు, సిగ్గు మాత్రం ఉంది. ఆ సిగ్గుకు భయపడి సిమ్యులేటర్‌ను వెక్కిరించే సీనియర్లను చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఒకడిని.

అద్దాల గదిలో కూర్చునే ఇంజినీరు పేరు ప్రసన్న. గుంటూరు వాళ్లు, తండ్రి ఉద్యోగరీత్యా వనస్థలిపురంలో స్థిరపడ్డారు. నా కంటే ముప్పై ఏళ్లు చిన్న. ఎగరడం రాదు. యంత్రం గురించి తెలియనిది లేదు. మా ఇల్లూ వనస్థలిపురంలోనే. మాది మునుగోడు దగ్గర ఊరు. నాన్న లారీ నడపడానికి ఎల్బీ నగర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఆ అమ్మాయి 'అండీ' అంటే నేను 'ఏంది బిడ్డా' అనేవాణ్ని. భాష ఎప్పుడూ అడ్డం రాలేదు.

మేజర్ సార్ స్కేలు

నాకు హెలికాప్టర్ నేర్పినాయన్ని అందరూ మేజర్ సార్ అనేవారు. ఆర్మీలో చేసి వచ్చినాయన. ఆయన దగ్గర ఒక చెక్క స్కేలు ఉండేది, స్కూలు పిల్లల అడుగు స్కేలు. ఎందుకో చెప్పాలంటే ముందు హెలికాప్టర్ గురించి ఒక్క ముక్క చెప్పాలి.

మేము నేర్చుకున్న పాత హెలికాప్టర్ రెక్కలు, పైనుంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగేవైపే తిరుగుతాయి. రెక్కలు అటు తిరిగితే హెలికాప్టర్ ఒళ్లు ఇటు తిరగాలని చూస్తుంది. పైకి లేవడానికి ఎడమ చేతి పక్కనున్న లివర్ ఎత్తుతాం. ఎత్తగానే రెక్కల మీద బలం పడి, ముక్కు ఎడమకు పోతుంది. కుడి కాలితో పెడల్ నొక్కి దాన్ని ఆపాలి. ఆలోచించి నొక్కితే ఆలస్యమవుతుంది. కాలికే తెలియాలి.

అందుకని లివర్ ఎత్తిన ప్రతిసారీ మేజర్ సార్ స్కేలుతో మా కుడి మోకాలి మీద టప్పున కొట్టేవాడు. ఆయన కూర్చునేది ఎడమ సీట్లో. శిష్యుడి కుడి మోకాలు ఆయనకు దూరం. చెయ్యి అందదు. స్కేలు అందుకోసం. "కాలు ముందు, బుద్ధి తర్వాత," అనేవాడు. నెల తిరిగేసరికి స్కేలు కదిలితే చాలు, మా కాలు దానంతట అదే నొక్కేది. నా కుడి మోకాలి చిప్ప మీద చర్మం గట్టిపడిపోయింది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ చూసి, మోకాళ్ల మీద తిరుపతి కొండ ఎక్కారా అని అడిగింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఇప్పటికీ నన్ను గుచ్చేది. నేను కో-పైలట్‌గా ఉన్నప్పుడు ఒక మండల కేంద్రంలో స్కూలు గ్రౌండులో దిగుతున్నాం. నడుపుతున్నది మేజర్ సార్. గ్రౌండుకు అడ్డంగా కరెంటు తీగ కనిపించింది నాకు. సార్‌కు కనబడకుండా ఉంటుందా అనుకుని ఊరుకున్నాను. ఆఖరి క్షణంలో ఆయన చూసి, ఒక్క ఊపున పైకి లేపాడు. తీగ మా కాళ్ల కింద నుంచి పోయింది. దిగాక అడిగాడు.

"తీగ నువ్వు చూశావా యాదగిరీ?"

"చూశాను సార్."

"చెప్పలేదేం?"

"మీరు చూసే ఉంటారనుకున్నాను సార్."

ఆయన నా మొహం చూసి నవ్వాడు. "మంచి శిష్యుడివి దొరికావు," అని టీ ఇప్పించాడు. ఆ రోజు టీకి బదులు రెండు చెంపదెబ్బలు వేసి ఉంటే బాగుండేది. మేజర్ సార్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ ఆ టీ ఆయన చేసిన తప్పు, తాగడం నా తప్పు. ఆయన రిటైరైన రోజు స్కేలు నా చేతిలో పెట్టాడు. పాతికేళ్లు దానితో కొట్టాను.

కొత్తది వచ్చింది

కంపెనీ అంబులెన్సు పని కోసం కొత్త హెలికాప్టర్ కొంటోందని తెలిసింది. అప్పుడే మార్కెట్‌లోకి విడుదలైన రకం. అసలు హెలికాప్టర్ రావడానికి నెలలు పడుతుంది, ముందు దాని సాఫ్ట్‌వేర్, పెడల్స్, తెరలు వచ్చాయి. మా చైతన్యపురి గదిలో పాత ముక్కు తీసేసి కొత్త ముక్కు బిగించారు. బోధకుడిని కనుక నేను ముందు నేర్చుకోవాలి, తర్వాత మిగతావాళ్లకు నేర్పాలి. నా సర్వీసు ఇంకా ఏడాది ఉంది.

అందులో మీటర్ల ముల్లు ఒక్కటీ లేదు. అన్నీ తెరలే. ఎల్బీ నగర్ చౌరస్తా, మూసీ, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మా ప్రాక్టీసు మైదానం, అన్నీ ముందున్న పెద్ద తెర బొమ్మలో ఉన్నాయి. నేను అన్నిటికంటే ముందు వనస్థలిపురం పోయి మా ఇల్లు వెతికాను. మా ఇల్లున్న చోట ఎర్ర పెంకుల బంగళా ఒకటి పెట్టారు ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెబితే, "అయితే దాన్లనే ఉండు," అంది.

అసలు సంగతి రెక్కలు. కొత్తదాని రెక్కలు ఎదురు దిశలో తిరుగుతాయి. లివర్ ఎత్తితే ముక్కు కుడికి పోతుంది, ఎడమ కాలు నొక్కాలి. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. చదివాను, అర్థమైంది, సీట్లో కూర్చున్నాను. లివర్ ఎత్తాను, కుడి కాలు నొక్కాను. తెర మీద హైదరాబాద్ మొత్తం గిర్రున తిరిగింది. హెలికాప్టర్ బొంగరమై పక్కకు ఒరిగి, తెర ఎర్రబడి ఆగిపోయింది.

"మళ్లీ పెట్టమంటారా అండీ?" అంది ప్రసన్న.

మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. మూడోసారి బయటకు వచ్చి గట్టిగానే అన్నాను. "పెడల్స్ ఉల్టా బిగించిండ్రు బిడ్డా. చూసుకోవద్దా?"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా వ్యవహారం. ఆ అమ్మాయి కిందకు దూరి, టార్చిలైటు పెట్టి, పెడల్స్ విప్పి, వైర్లు పరీక్షించి, గంట తర్వాత మురికి చేతులతో లేచింది. "అన్నీ సరిగానే ఉన్నాయండీ," అంది. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ల అనుభవం అని బయట చెప్పుకుంటాం కదా, అందులో సగం వదిలించుకోవలసిన అనుభవమే.

కాళ్లకు కొత్తగా నేర్పడం ఎలాగో నాకు మెట్రో చూపించింది. ఎల్బీ నగర్‌లో ఎక్కి చైతన్యపురిలో దిగేవాణ్ని. రైలు కదిలిన ప్రతిసారీ, లివర్ ఎత్తాననుకుని, ఎడమ కాలితో నేలను నొక్కడం మొదలుపెట్టాను. ఉన్నది కాసేపటి ప్రయాణమే. అందుకని రోజూ మలక్‌పేట దాకా పోయి వెనక్కి వచ్చేవాణ్ని. ప్రతి స్టేషన్‌లోనూ నా కాలు ఎగిరిపడుతుంటే పక్కనున్న ఆవిడ మెల్లగా లేచి వేరే సీటు చూసుకుంది. మూడు వారాలకు కాళ్లు దారికొచ్చాయి. అబ్దుల్లాపూర్‌మెట్ మైదానంలో, బొమ్మ గడ్డి మీద, మనిషి ఎత్తులో హెలికాప్టర్‌ను కదలకుండా నిలబెట్టాను. ప్రసన్న అద్దం వెనక లేచి చప్పట్లు కొట్టింది. చాలా సంతోషపడ్డాను. నేర్చుకోవడం అయిపోయిందనుకున్నాను.

శ్రీశైలం

కొత్తదానికి నా మొదటి శిష్యుడు శ్రీశైలం. చౌటుప్పల్ వైపు మనిషి, ముప్పై నాలుగేళ్లు. ఆర్మీలో పదేళ్లు పాత రకమే నడిపి, బయటకొచ్చి, మా కంపెనీలో చేరాడు. ఎల్బీ నగర్‌లో కిరాయి ఇల్లు తీసుకుని భార్యాబిడ్డలను తెచ్చుకున్నాడు. మాట తక్కువ. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు.

కంపెనీ నియమం సూటిగా ఉండేది. సిమ్యులేటర్‌లో మూడు పరీక్షలు. మూడుసార్లూ బోధకుడు 'తగడు' అని రాస్తే ఇంటికే. ఆ కాగితం మనిషి ఫైల్లో ఉంటుంది, ఏ కంపెనీకి పోయినా వెంట వస్తుంది.

అతను పుస్తకం మొత్తం కంఠతా పట్టాడు. గాలిలో ఉన్నంతసేపు బాగా నడిపేవాడు. పైకి లేపేటప్పుడు మాత్రం లివర్ ఎత్తుతాడు, ముక్కు కుడికి కొడుతుంది, గిర్రున తిరుగుతాడు. ఒకసారి కాదు, పదిలో ఆరుసార్లు. నాకు కోపం రాలేదు, జాలి వేసింది. నేనూ అదే చేశాను కదా. "మెట్రోల ప్రాక్టీసు చెయ్యి," అని నా చిట్కా చెప్పాను. "చేస్తున్న సార్," అన్నాడు. మొదటి పరీక్ష ఫెయిలయ్యాడు. రెండోదీ ఫెయిలయ్యాడు. రెండు ఫారాల్లోనూ కారణం దగ్గర ఒకే వాక్యం రాశాను: పాత హెలికాప్టర్ అలవాటు వదలలేకపోతున్నాడు. రాసి, బాగా రాశాననుకున్నాను.

మూడో పరీక్ష శుక్రవారం. సోమవారం నాడు ప్రసన్న నా దగ్గరకు వచ్చింది.

"సార్, మొదట్లో మీరన్నారు గుర్తుందా అండీ, పెడల్స్‌లో తేడా ఉందని? నాక్కూడా ఇప్పుడు అదే అనుమానం వస్తోంది. ఒకసారి రికార్డింగ్ చూసి చెబుతారా?"

సిమ్యులేటర్ అన్నీ రాసుకుంటుంది. ఏ పెడల్ ఏ క్షణంలో ఎంత కదిలిందో గీతల్లో ఉంటుంది, పక్కన చిన్న కెమెరా బొమ్మ కూడా. అద్దాల గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. శ్రీశైలం రెండో పరీక్ష. లివర్ గీత పైకి లేచింది. దానితోపాటే, తడబాటు లేకుండా, ఎడమ పెడల్ గీత లేచింది. సరిగ్గా ఎంత కావాలో అంత. మరుక్షణం అది పడిపోయి, కుడి పెడల్ గీత నిట్టనిలువుగా లేచింది.

"మొదలు మంచిగనే నొక్కిండు. నడుమ ఏమైంది?" అన్నాను.

"అదే అర్థం కాలేదండీ. కెమెరా కూడా చూస్తారా?"

కెమెరాలో నేనున్నాను. లివర్ లేవగానే నా కుడి చెయ్యి లేచింది. చేతిలో మేజర్ సార్ స్కేలు. అది శ్రీశైలం ఎడమ మోకాలి మీదుగా దాటి, ముందుకు సాగి, దూరంగా ఉన్న కుడి మోకాలి మీద టప్పున పడింది. అప్పుడు కుడి పెడల్ గీత లేచింది.

ఇంకొకటి పెట్టమన్నాను. ఇంకొకటి. తిరిగిపోయిన ప్రతిసారీ ముందు స్కేలు ఉంది. నేను నోట్సు రాసుకుంటూనో, దగ్గుతూనో స్కేలు మరిచిన నాలుగుసార్లూ హెలికాప్టర్ తీగ లాగినట్టు నిటారుగా లేచింది.

"మీరు లంచ్‌కు వెళ్లినప్పుడు శ్రీశైలం గారు ఒక్కరే ప్రాక్టీసు చేస్తారండీ," అంది ప్రసన్న, తెర వైపే చూస్తూ. "ఒక్కసారి కూడా తిరగలేదు."

"ఎన్ని దినాల సంది తెల్సు నీకు?"

"మొన్న గురువారం నుంచి. మీకెలా చెప్పాలో తెలియలేదండీ."

పెడల్స్ విప్పించి గంటసేపు ఆ పిల్లను నేల మీద పడుకోబెట్టిన మనిషిని నేను. అలాంటివాడికి ఎలా చెబుతుంది? నా పాత సాకునే పట్టుకుని, నా అంతట నేను చూసుకునేట్టు చేసింది. ఆ తెలివికి ఇప్పటికీ దండం పెడతాను.

కాళ్లకు మూడు వారాలు నేర్పాను, చేతికి నేర్పలేదు. చెయ్యి కూడా ఎగురుతుందని నాకు తట్టలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, కొత్తదానిలో తట్టవలసింది ఎడమ మోకాలు. అది నా పక్కనే ఉంది. దానికి స్కేలు అక్కర్లేదు, అరచేయి చాలు. స్కేలు చేతిలో ఉంది కనుక దూరపు మోకాలిని వెతుక్కుంటూ పోయింది.

టీ దగ్గర

శ్రీశైలాన్ని కిందకు తీసుకెళ్లాను. మెట్రో స్తంభం పక్కన టీ కొట్టు. రెండు చాయ్ చెప్పాను. అతను కప్పు పట్టుకుని నిలబడ్డాడు.

"లివర్ ఎత్తితే ఏ కాలు నొక్కాలె?"

"ఎడమ సార్."

"మరి కుడి ఎందుకు నొక్కుతున్నవ్?"

కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మళ్లీ అడిగాను.

"మీరు కొడుతుండ్రు కద సార్."

"నేను తప్పు మోకాలు కొడుతున్ననని నీకు తెల్వదా?"

"తెల్సు సార్. మొదలు తప్పనే అనుకున్న. మళ్ల మళ్ల కొడుతుంటే, నాకు తెల్వనిది మీకేదో తెల్సనుకున్న. మీకున్న అనుభవమేంది, నాదేంది?"

"రెండుసార్లు ఫెయిల్ చేసిన. అప్పుడన్న నోరు తెర్వొద్దా?"

"ఫెయిలైనంక చెప్తే సార్ మీద నెపం పెట్టినట్టయితది."

"ఇంట్ల చెప్పినవా?"

"లే సార్. శుక్రవారం అయినంక చెప్దామనుకున్న."

ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు గాని, నాతో 'కాదు' అని అనలేకపోయాడు. తీగ చూసి నోరు మూసుకున్న యాదగిరే నా ముందు చాయ్ కప్పుతో నిలబడ్డాడు. ఇది సిమ్యులేటర్ కాబట్టి తెర ఎర్రబడి ఆగింది. అసలు హెలికాప్టర్ వచ్చాక, అబ్దుల్లాపూర్‌మెట్ అసలు మైదానంలో, అసలు మట్టి మీద నేను స్కేలు ఆడించి ఉంటే? అతను అప్పుడూ నొక్కేవాడే.

"నన్ను మన్నించు శ్రీశైలం," అన్నాను. అతను కంగారుపడి కప్పు కింద పెట్టి చేతులు జోడించాడు. ఆ చేతులు జోడించడమే అసలు రోగమని అప్పుడు చెప్పలేకపోయాను.

కారణం అనే గడి

మేనేజర్ కూడా ఒకప్పటి పైలట్టే. విజయవాడ మనిషి, నాకు పాత స్నేహితుడు. అంతా విని తేలిగ్గా తీసుకున్నాడు.

"దీనికింత రాద్ధాంతం ఎందుకయ్యా యాదగిరీ? శుక్రవారం స్కేలు ఇంట్లో పెట్టి రా. పాసవుతాడు. రెండుసార్లు తప్పాడు, మూడోసారి నెగ్గాడు. బోలెడుమందికి జరిగేదే. నీకా, ఇంకా ఎనిమిది నెలలుంది. గౌరవంగా దిగిపో."

అబద్ధం చెప్పను, ఒక రోజంతా ఆ మాట నాకు బాగానే అనిపించింది. ఎవరికీ నష్టం లేదు కదా అని సమాధానం చెప్పుకున్నాను. కానీ ఆ రెండు ఫారాలు ఎక్కడికీ పోవు. 'అలవాటు వదలలేకపోతున్నాడు' అన్న నా వాక్యం ఆ మనిషి వెంట రిటైరయ్యేదాకా నడుస్తుంది. అలవాటు నాది, పేరు అతనిది. మరునాడు మెట్రో దిగి నేరుగా మేనేజర్ గదికి పోయి, పాత ఫారాలు రెండూ తెప్పించుకున్నాను. నేను రాసిన వాక్యం కొట్టేసి, పైన రాశాను: బోధకుడు తప్పు మోకాలిని తట్టాడు. శిష్యుడి తప్పు లేదు. కింద సంతకం పెట్టాను.

మేనేజర్ రెండుసార్లు చదివాడు. "ఇన్నేళ్లలో ఈ గడిలో ఇలాంటి కారణం ఎవరూ రాయలేదయ్యా," అన్నాడు. "ఇది పైకి పంపితే నిన్ను ఆ సీట్లో ఉంచరు, తెలుసుగా?"

తెలుసు. ఉంచలేదు కూడా. ఆ మిగిలిన ఎనిమిది నెలలూ నన్ను బ్లాక్‌బోర్డు క్లాసుకు మార్చారు. వాతావరణం, మ్యాపులు చెప్పాను. సిమ్యులేటర్ గది తలుపు అవతల ఎవరో కొత్త బోధకుడి గొంతు వినిపిస్తుంటే బాధగా ఉండేది. గొప్ప పని చేశానన్న తృప్తి ఏమీ కలగలేదు. ఆ గది నాకు ఇష్టం, అందులోంచి నన్ను నేనే బయటికి పంపుకున్నాను. శ్రీశైలానికి వేరే బోధకుడు పరీక్ష పెట్టాడు. మొదటిసారికే పాసయ్యాడు. స్వీట్ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయాడు.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ సీనియర్ తప్పు చేస్తాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. మీకు నాలుగో కాలు కనిపిస్తుంటుంది. మా తరంలో మర్యాద అనుకుని మూడని ఒప్పుకున్నాం. కొందరం బతికిపోయాం. అది మర్యాద వల్ల కాదు, అదృష్టం వల్ల.

కుడి సీటు

మొన్న శ్రీశైలం ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆ మూడో అంతస్తులో బోధకుడు అతనే. ఒకసారి వచ్చి పొమ్మన్నాడు. నేను స్కేలు సంచిలో పెట్టుకుని వెళ్లాను, అతనికి ఇద్దామని. గురువు నుంచి గురువుకు పోవాలి కదా అన్న చాదస్తం.

బయటకు తీయగానే అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు సార్. కొడితే ఎవ్వడు ఎదురు చెప్పడు. నోటితో చెప్తే, కాదనేటందుకు జాగ ఉంటది."

ప్రసన్న అద్దాల గదిలోంచి నవ్వుతూ వచ్చింది. "ఇప్పుడిక్కడ కొత్త రూలండీ. రోజులో ఒక్కసారి ఈయన కావాలనే తప్పు చెబుతారు. ఎప్పుడు చెబుతారో నాక్కూడా తెలియదు. 'కాదు సార్' అన్నవాళ్లకే ఆ రోజు సంతకం."

"అనకుంటే?"

"మరునాడు మళ్ల రావాలె," అన్నాడు శ్రీశైలం. "మొన్నొకాయన ఆరు దినాలు తిరిగిండు. మీరు గూడ ఒకసారి కూసోండ్రి సార్. కుడి సీట్ల."

జీవితంలో ఎక్కువ భాగం ఎడమ సీట్లో గడిపినవాణ్ని. కుడి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. శ్రీశైలం నా ఎడమ పక్కన కూర్చున్నాడు, ఖాళీ చేతులు తొడల మీద పెట్టుకుని. పైకి లేచేటప్పుడే తప్పు చెబుతాడని కాచుకున్నాను. చెప్పలేదు. ఎడమ కాలు దానంతట అదే నొక్కింది, హెలికాప్టర్ లేచింది. ఎల్బీ నగర్ మీదుగా పోయాం. ఇప్పుడు బొమ్మలో ఫ్లైఓవర్లన్నీ చేర్చారు. వనస్థలిపురంలో మా ఇంటిని మాత్రం పెంకుల బంగళాగానే ఉంచారు. దాన్ని చూసి నవ్వుకున్నాం. మా ఆవిడ మాట చెప్పాను. ఊళ్లో సంగతులు మాట్లాడుకున్నాం. రూలు సంగతి మరిచేపోయాను.

అబ్దుల్లాపూర్‌మెట్ మైదానం వచ్చింది. వేగం తగ్గించి, దిగే ముందు గాలిలో నిలబెట్టడానికి లివర్ ఎత్తాను.

"కుడి కాలు," అన్నాడు శ్రీశైలం, మామూలుగా, పేపర్ చదువుతున్నట్టు.

హెడ్‌సెట్‌లో బోధకుడి గొంతు. నా కుడి మోకాలు శిష్యుడిగా ఉన్నప్పటిలా జలదరించింది. కాలు పెడల్ మీద బరువు వెయ్యబోయింది. ముక్కు కొంచెం కదిలింది కూడా. తెర మీద గడ్డి, గడ్డి పక్కన రోడ్డు, రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు.

మేజర్ సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆయనతో అనవలసిన రోజు నేను టీ తాగాను.

"కాదు సార్," అన్నాను నా శిష్యుడితో. "ఎడమ."